సర్వర్ క్రాష్ అయితే సర్వర్‌కి క్లాస్ పీకుతామా? స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వెనక కథ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి చూస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఎపిసోడ్ మన గురించే.

మన దగ్గర పదో తరగతి అయిపోగానే చాలామందిని బస్సు ఎక్కిస్తారు. కోదాడ నుంచి విజయవాడ వైపు, సూర్యాపేట నుంచి హైదరాబాద్ వైపు. మిర్యాలగూడ వాళ్లకైతే రైలు కూడా ఉంది, ఇటు గుంటూరు, అటు సికింద్రాబాద్. ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్, ఒక పచ్చడి డబ్బా. నేనూ అట్లనే పోయిన.

బీటెక్ రెండో ఏడాదిలో నాకు మూడు బ్యాక్‌లాగ్స్ పడ్డాయి. ఇంట్లో చెప్పలే. అమ్మ ఫోన్ చేసి "ఎట్ల రాసినవ్ బిడ్డా?" అంటే "మంచిగనే రాసిన" అన్నా. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. సరిగ్గా అప్పుడే కాలేజీలో స్ట్రెస్ మేనేజ్‌మెంట్ సెషన్ పెట్టారు. ఆడిటోరియంలో మూడు వందల మందిమి. కళ్లు మూసుకోండి, ఊపిరి పీల్చండి, పాజిటివ్‌గా ఆలోచించండి అన్నారు. గంటలో అయిపోయింది. అటెండెన్స్ తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఇంటర్నల్ ఎగ్జామ్. నాకు కావాల్సింది కూర్చొని మాట వినే ఒక మనిషి. కాలేజీ మొత్తంలో ఆ పని కోసం పెట్టిన మనిషి ఒక్కరూ లేరు.

తర్వాత సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరినంక ఒకటి గమనించిన. సర్వర్ పడిపోతే సర్వర్‌ని ఎవరూ తిట్టరు. ఎంత లోడ్ వచ్చింది, ఎందుకు వచ్చింది అని లాగ్స్ చూస్తారు. స్టూడెంట్ పడిపోతే మాత్రం స్టూడెంట్‌కే క్లాస్ పీకుతారు. ఇదెక్కడ మొదలైంది? కొంచెం వెనక్కి పోదాం.

1936లో కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే డాక్టర్ ఎలుకల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. చలిలో పెట్టినా, గాయం చేసినా, మందు ఎక్కించినా, ఎలుకల ఒంట్లో కనిపించిన మార్పులు మాత్రం ఒకేలా ఉన్నాయి. అది 'నేచర్' పత్రికలో చిన్న ఉత్తరంగా రాశాడు. దాన్నే తర్వాత స్ట్రెస్ అన్నాడు. మాట కొత్తది కాదు, ఇంజినీరింగ్‌లో వాడేదే. ఇనుప కడ్డీ మీద పడే ఒత్తిడి స్ట్రెస్, దానివల్ల కడ్డీ వంగడమో సాగడమో స్ట్రెయిన్. నాకు ఇంగ్లిష్ ఇంకొంచెం బాగా వచ్చి ఉంటే స్ట్రెయిన్ అనేవాణ్ని అని సెల్యేనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ తడబాటు మనకి ఇప్పటికీ తిప్పలే. మీద పడ్డ బరువునీ, మోసేవాడి అవస్థనీ ఒకే మాటతో పిలుస్తున్నాం. "స్ట్రెస్ ఉంది" అనగానే అందరూ మోసేవాడి వైపే చూస్తారు.

ట్రైనింగ్ సంగతికి వద్దాం. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో జాన్ కబాట్-జిన్ ఒక కోర్సు మొదలుపెట్టాడు. ఊపిరి మీద ధ్యాస, యోగా, ధ్యానం. ముందు ఇది తగ్గని నొప్పులున్న రోగుల కోసం. మెల్లగా ప్రపంచమంతా పాకి యూనివర్సిటీలకి వచ్చింది.

మరి పని చేస్తుందా? చేస్తుంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో 616 మంది స్టూడెంట్స్‌ని రెండు గ్రూపులు చేసి చూశారు. ఎనిమిది వారాల కోర్సు ఇచ్చిన గ్రూపులో పరీక్షల టైంలో ఆందోళన తక్కువగా కనిపించింది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ రెండు గ్రూపులకీ కౌన్సెలింగ్ సెంటర్ ముందు నుంచే అందుబాటులో ఉంది. కోర్సు దాని మీద అదనం. మనం ఏం చేశాం? పునాది వదిలేసి పై అంతస్తు తెచ్చుకున్నాం, అదీ ఎనిమిది వారాలని ఒక గంటకి కుదించి.

దీని ఖరీదు 2019లో చూశాం. ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో, మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి చావుకీ ఒకే కారణం అని ఎవరం చెప్పలేం. కానీ తప్పు సిస్టంలో ఉండొచ్చన్న ఆలోచన కూడా రాకుండా, తప్పు నాదే అనుకునేలా పిల్లల్ని పెంచాం కదా. సాఫ్ట్‌వేర్ వాడిగా ఇది నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లు ఉచితంగా మళ్లీ చూడాలని ప్రభుత్వం ఆదేశించింది, ఆ పిల్లలు పోయినంక.

అసలు మలుపు 2025 జూలై 25న వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ ఇవి వర్తిస్తాయి. వంద మంది, అంతకంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉంటే కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం మానాలి. నాకు బాగా నచ్చింది ఇంకోటి: ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ తప్పనిసరి, అది స్టూడెంట్స్‌కి కాదు, పాఠాలు చెప్పేవాళ్లకీ మిగతా స్టాఫ్‌కీ. అంటే ఇన్నాళ్లకి లోడ్ వైపు చూశారన్నమాట.

ఊపిరి ఎక్సర్‌సైజులు వద్దని నేను అనట్లేదు. నేను కూడా చేస్తా, ఉపయోగం ఉంది. కానీ కౌన్సెలర్ లేని చోట అవి గొడుగు లేనోడికి వాన గురించి పాఠం చెప్పినట్టే.

నా సంగతి అడుగుతారు కదా. ఆ రాత్రులు నా రూమ్మేట్ పసిగట్టిండు. మిర్యాలగూడ వాడు. సలహాలేం ఇవ్వలే, రెండు గంటలు విన్నడు. పొద్దున "మీ నాన్నకి చెప్పరా, నేను పక్కనే ఉంటా" అన్నడు. చెప్పిన. నాన్న కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "అన్నం తిన్నవా?" అన్నడు. బ్యాక్‌లాగ్స్ సప్లీలో పోయినయి.

అందరికీ అట్లాంటి రూమ్మేట్ దొరకడు. అందుకే నంబర్ సేవ్ చేసుకోండి: 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. రేపు కాలేజీకి పోయినప్పుడు ఈ నంబర్ గోడ మీద రాసి ఉందా, కౌన్సెలర్ రూమ్ ఎక్కడుంది అని అడగండి. అడగడం మీ హక్కు. ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.