అప్పు, వీసా, జీతం: బ్రిటన్ సంరక్షణ రంగంలో ఆధునిక బానిసత్వాన్ని ముందే అరికట్టడం ఎలా?

సారాంశం

బ్రిటన్‌లో వృద్ధులకు, వికలాంగులకు సేవ చేసే కేర్ రంగం 2022 తర్వాత విదేశీ కార్మికుల మీద ఎక్కువగా ఆధారపడింది. వారిలో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఈ రంగంలో శ్రమదోపిడీ ఎలా వేళ్లూనుకుంటుందో, దాన్ని ఆపడానికి తెచ్చిన నియమాలు ఎక్కడ తప్పుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉద్యోగం కోసం చేసిన అప్పు, ఒకే యజమానికి ముడిపడిన వీసా, పని గంటలకు సరిపోని జీతం కలిసి కార్మికుల నోరు కట్టేస్తున్నాయి. ఫిర్యాదు చేసినవారి బతుకుకు భరోసా ఇవ్వకుండా యజమానుల లైసెన్సులు రద్దు చేస్తూ పోతే శిక్ష బాధితుల మీదే పడుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

1. నేపథ్యం

బ్రిటన్ ప్రభుత్వం 2020 ఆగస్టులో హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా ప్రవేశపెట్టింది. బ్రెగ్జిట్ తర్వాత యూరప్ నుంచి వచ్చే పనివారు తగ్గారు. కోవిడ్ కాలంలో ఉన్నవారిలోనూ చాలామంది పని మానేశారు. దాంతో 2022 ఫిబ్రవరి 15 నుంచి కేర్ వర్కర్లకూ ఈ వీసా వర్తింపజేశారు. అప్పట్లో కనీస వార్షిక జీతం 20,480 పౌండ్లు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలుండేది. అన్నిటికీ మూలం యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్. మనవాళ్లు దాన్ని ‘సీఓఎస్’ అంటారు.

ఆ సర్టిఫికెట్లు ఎవరి చేతికి వెళ్లాయో 2024 మార్చిలో వెలువడిన సరిహద్దులు, వలసల స్వతంత్ర చీఫ్ ఇన్‌స్పెక్టర్ నివేదిక బయటపెట్టింది. అసలు లేనే లేని ఒక కేర్ హోం పేరు మీద 275 సర్టిఫికెట్లు మంజూరయ్యాయి. తన దగ్గర నలుగురే ఉద్యోగులున్నారని చెప్పుకున్న మరో సంస్థకు 1,234 ఇచ్చారు. ఉద్యోగం ఉందో లేదో చూడకుండా ఇచ్చిన అనుమతి బజారులో అమ్ముడుపోయే సరుకైంది.

ఇలాంటి ప్రమాదం ఆ దేశానికి కొత్త కాదు. 2004 ఫిబ్రవరిలో మోర్‌కాంబ్ తీరంలో గుల్లలు ఏరుతున్న చైనా కార్మికులు కనీసం 21 మంది పోటెత్తిన నీటిలో మునిగి చనిపోయారు. ఆ ఏడాదే కూలీల సరఫరాదారులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ లైసెన్సు వ్యవసాయానికి, గుల్లల సేకరణకు, ఆహార ప్యాకింగ్, ప్రాసెసింగ్ పనులకు పరిమితమైంది. కేర్ రంగం దాని పరిధిలోకి రాలేదు.

2. నిర్బంధం అంటే ఏమిటి?

శిక్ష పడుతుందన్న బెదిరింపుతో, ఇష్టం లేకుండా చేయించుకునే పని నిర్బంధ శ్రమ అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి 29వ ఒప్పందం చెబుతుంది. మన సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆర్థికంగా వేరే దారి లేక కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయాల్సి రావడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని తీర్పిచ్చింది. కేర్ రంగాన్ని అర్థం చేసుకోవడానికి ఈ చూపు చాలా అవసరం. ఇక్కడ పాస్‌పోర్టు లాక్కోవడం, కొట్టడం వంటివి లేకపోయినా కార్మికులు కదల్లేని స్థితిలో ఉండొచ్చు.

ఉత్తర వేల్స్‌లో వెలుగుచూసిన ఉదంతం దీనికి దగ్గరి ఉదాహరణ. అక్కడి కేర్ హోంలలో భారతీయ విద్యార్థులను దోపిడీ చేశారన్న అనుమానంతో అయిదుగురిపై కోర్టు ఆంక్షలు విధించినట్టు 2023 ఫిబ్రవరిలో అధికారులు ప్రకటించారు. విద్యార్థులు ఎప్పుడూ అలసటగా, ఆకలిగా కనిపిస్తున్నారనీ, హోంలోని వృద్ధులు తినగా మిగిలింది తింటున్నారనీ ఫిర్యాదులు అందాయి. రోజూ పెద్దవాళ్లకు అన్నం తినిపించే చేతులవి. ఆ ఆకలిని పసిగట్టింది తోటి ఉద్యోగులు. నివారణ ఎక్కడ మొదలవ్వాలో ఈ ఉదంతమే చెబుతోంది.

3. మూడు ముడులు

మొదటిది అప్పు. 2022లో ఒక సర్టిఫికెట్‌కు యజమాని ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము 199 పౌండ్లు. దాన్నే ఏజెంట్లు లక్షల రూపాయలకు అమ్మారు. చదువుకని వెళ్లి, వీసా గడువు ముంచుకొస్తుండగా స్పాన్సర్ కోసం వెతుక్కునే యువత వీరికి సులువుగా చిక్కింది. ప్రామిసరీ నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు తెచ్చిన కుటుంబం నెలకు 30,000 రూపాయలు వడ్డీకే కట్టాలి. అసలు అలాగే ఉంటుంది. ఒక్క నెల జీతం ఆగినా ఊళ్లో ఇంటి ముందు అప్పులవాళ్లు నిలబడతారు.

రెండోది వీసా. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు. 2022 జులై నుంచి 2024 డిసెంబరు వరకు కేర్ రంగంలో 470కి పైగా యజమానుల స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయి. ఆ సంస్థలతో సంబంధమున్న కార్మికులు 39,000 మందికి పైగా ఉన్నారని ప్రభుత్వమే చెప్పింది. తప్పు చేసిన యజమాని వ్యాపారం పోగొట్టుకుంటే, మోసపోయినవారు దేశంలో ఉండే హక్కునే పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. ఇది తెలిసినవారు ఫిర్యాదు చేయడానికి ఎందుకు ముందుకొస్తారు?

మూడోది జీతం లెక్క. ఇల్లిల్లూ తిరిగి సేవ చేసే ఒక కేరర్ రోజును ఉదాహరణగా తీసుకుందాం. ఒక ఇంట్లో లేపి స్నానం చేయించాలి, ఇంకో ఇంట్లో మందులు వేసి టిఫిన్ పెట్టాలి, మరో ఇంట్లో మనిషిని పైకెత్తే హాయిస్ట్‌తో మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. ఇళ్లలో గడిపింది ఏడున్నర గంటలు, ఇంటికీ ఇంటికీ మధ్య కారు నడిపింది రెండున్నర గంటలు. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఏడున్నర గంటలకే లెక్క కడితే వచ్చేది 91.58 పౌండ్లు. పది గంటలకు పంచితే గంటకు 9.16 మాత్రమే. ఒక పని నుంచి ఇంకో పనికి వెళ్లే సమయం చట్టప్రకారం పనిగంటల్లోకే వస్తుంది. అయినా పేస్లిప్‌లో ఆ సమయం కనిపించకపోతే కార్మికురాలికి తనకు జరిగిన నష్టమెంతో లెక్కే తేలదు.

4. ఇప్పటి చర్యలు, వాటి పరిమితులు

2015 ఆధునిక బానిసత్వ చట్టం నేరస్థులకు యావజ్జీవం వరకు శిక్ష విధిస్తుంది. ఏటా 3.6 కోట్ల పౌండ్లు, అంతకు మించి టర్నోవర్ ఉన్న సంస్థలు తమ సరఫరా గొలుసుపై ప్రకటన ఇవ్వాలంటుంది. కేర్ సంస్థల్లో అధికభాగం చిన్నవి కావడంతో ఆ నిబంధన వాటిని తాకదు.

2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు కుటుంబాన్ని తీసుకురాకుండా నిషేధించారు. ఇంగ్లండ్‌లో నియంత్రణ సంస్థ అయిన కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర నమోదైన సంస్థలే స్పాన్సర్ చేయాలన్నారు. 2024 డిసెంబరు 31 నుంచి సర్టిఫికెట్ ఖర్చును కార్మికులపై వేయకూడదన్నారు. చివరికి 2025 జులై 22న విదేశాల నుంచి కొత్త నియామకాలే ఆపేశారు. దేశంలో ఉన్నవారు ఈ వీసాకు మారే వీలును 2028 జులై వరకు కొనసాగించారు. తలుపు మూసినంత మాత్రాన లోపలున్నవారి బాధ తీరదు. కుటుంబం దగ్గర లేక, వేరే స్పాన్సర్ దొరక్క వారు మరింత ఒంటరివారయ్యారు.

5. నివారణకు ప్రతిపాదనలు

ఒకటి, వీసా ముడిని సడలించాలి. దోపిడీకి గురైనవారికి కెనడా 2019లో ఏ యజమాని దగ్గరైనా పనిచేసే పర్మిట్ ఇచ్చింది. న్యూజిలాండ్ 2021లో, ఆస్ట్రేలియా 2024లో ఇలాంటి ప్రత్యేక వీసాలు తెచ్చాయి. బ్రిటన్ అదే దారిలో నడవాలి. కార్మిక తనిఖీకి ఇచ్చిన సమాచారం వలస అధికారులకు చేరదన్న హామీ కూడా ఉండాలి.

రెండు, సేవలను కొనే స్థానిక కౌన్సిళ్లు ప్రయాణ సమయాన్నీ కలిపి ధర చెల్లించాలి, పేస్లిప్‌లో అది కనిపించాలని కాంట్రాక్టులో రాయాలి. 2025 ఉపాధి హక్కుల చట్టం కిందికి వచ్చే ఫెయిర్ వర్క్ ఏజెన్సీ ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా డ్యూటీ పట్టికలను (రోటాలను), పేస్లిప్‌లను సరిపోల్చి చూడాలి.

మూడు, భారత్ వైపు బాధ్యతను మనమే తీసుకోవాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంట్లు 30,000 రూపాయలు, జీఎస్టీకి మించి వసూలు చేయకూడదు. అయితే ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరైన 18 దేశాల్లో బ్రిటన్ లేదు. పది పాసైనవారికి ఆ తనిఖీ అవసరమే లేదు. చదువుల కన్సల్టెన్సీ ముసుగులో ఉద్యోగాలు అమ్మేవారిని చట్టం పరిధిలోకి తేవాలి. విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలు (తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్) ఆఫర్ లెటర్లను ఉచితంగా పరిశీలించి చెప్పే ఏర్పాటు చేయాలి.

ముగింపు

సంరక్షణ పనికి ఓర్పు, విశ్వాసం ప్రాణం. నిద్రలేక, అప్పుల భయంతో ఉన్న మనిషి చేతిలో వృద్ధులూ క్షేమంగా ఉండలేరు. కాబట్టి కార్మికుల హక్కు, సేవ పొందేవారి భద్రత వేర్వేరు విషయాలు కావు. ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయన్నది నివారణకు కొలమానం కాకూడదు. ఈరోజు ఫిర్యాదు చేసిన కేరర్‌కు వచ్చే నెలా పని, జీతం, ఆ దేశంలో ఉండే హక్కు మిగులుతాయా అన్న ప్రశ్నతోనే ఏ విధానాన్నైనా తూచాలి.