ఎక్కువ ఎత్తినా తెరుచుకోదు

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు సామాన్లు సర్దుకోకముందే చేయించే పనుల్లో తాళాలు ‘రీకీ’ చేయించడం ఒకటి. పాత యజమాని ఎవరెవరికి తాళంచెవులు ఇచ్చి ఉంచాడో ఎవరికి తెలుసు? రీకీ చేస్తే తలుపుకున్న తాళం అలాగే ఉంటుంది, పాత చెవి మాత్రం ఇక పనికిరాదు. దీనికోసం హార్డ్‌వేర్ షాపుల్లో చిన్న కిట్లు అమ్ముతారు. మూత తీస్తే గళ్లు గళ్లుగా, బియ్యపుగింజంత ఇత్తడి పిన్నులు. రంగును బట్టి పొడవు. ఏ గడిలోంచి ఏ పిన్ను తీయాలన్నదే అసలు పని.

పిన్ను పెట్టి తలుపు మూయడం కొత్తేమీ కాదు. ఇరాక్‌లోని ఖోర్సాబాద్‌లో, క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం చివర్లో ఏలిన అస్సీరియా రాజు రెండో సర్గోన్ కోటలో, ఇలాంటి చెక్క తాళం ఆనవాళ్లు దొరికాయి. అడ్డగడియకు పైన రంధ్రాలు. పైనుంచి చెక్క మేకులు ఆ రంధ్రాల్లోకి జారి గడియను కదలనివ్వవు. చెవి అంటే పెద్ద పళ్లతోముడు బ్రష్షులా ఉండే కర్ర. దాని పళ్లు మేకులను పైకెత్తితే గడియ జరుగుతుంది. ఈజిప్టు నుంచి పశ్చిమాసియా దాకా పల్లెల్లో నిన్నమొన్నటివరకు ఇదే వాడారు.

దీని లోపం ఒక్కటే. మేకు పైకి లేస్తే చాలు, ఎంత ఎత్తు లేచిందన్నది తాళానికి అనవసరం. పళ్లు సరైన చోట ఉన్న ఏ కర్రయినా పని కానిచ్చేస్తుంది. ఈ లోపం మీద దెబ్బ కొట్టినవాడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ బారన్. 1778లో అతను పేటెంటు తీసుకున్న తాళంలో ఉన్నవి పిన్నులు కావు, లీవర్లు. వాటిని తక్కువ ఎత్తినా, ఎక్కువ ఎత్తినా గడియ కదలదు. సరిగ్గా అంతే ఎత్తాలి. నన్నడిగితే ఆధునిక తాళం పుట్టింది అక్కడే. తాళాల మీద కనిపించే యేల్ పేరు అందరికీ తెలుసు, బారన్ పేరు తాళాలవాళ్లకే తెలుసు.

ఆ సూత్రాన్ని పిన్నులకు తెచ్చింది అమెరికన్లు. సీనియర్ లైనస్ యేల్ 1840ల్లో పిన్ను తాళం చేశాడు. దాని చెవిని జేబులో పట్టేలా మలిచింది అదే పేరున్న కొడుకు. మొదట్లో మనుషుల బొమ్మలు గీసి బతుకుదామనుకున్న ఈ చిన్న యేల్ 1861లోనూ, 1865లోనూ పేటెంట్లు తీసుకున్నాడు. పళ్లున్న పల్చటి రేకు చెవి అతని చలవే. తాళపు గుండెకాయను గడియ నుంచి విడదీసి చిన్న సిలిండర్‌లో పెట్టడంతో, తలుపు ఎంత మందమైనా చెవి పొడుగు పెంచాల్సిన అవసరం తప్పింది. 1868లో హెన్రీ టౌన్‌తో కలిసి కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్‌లో కంపెనీ పెట్టాడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజే చనిపోయాడు.

యేల్ సిలిండర్‌లో ప్రతి మేకూ రెండు ముక్కలు. కింద చెవిని తాకే పిన్ను, దాని నెత్తిన ఇంకో పిన్ను, ఆపైన స్ప్రింగు. చెవితో పాటు తిరిగే లోపలి ఇత్తడి భాగాన్ని ప్లగ్ అంటారు. రెండు పిన్నుల మధ్య సందు ప్లగ్ అంచుకు వచ్చి నిలిస్తేనే అది తిరుగుతుంది. కింది పిన్ను పొడుగైతే దాని తల ప్లగ్ దాటి పైకి పొడుచుకొస్తుంది. పొట్టిదైతే పైపిన్ను లోపలికి దిగి కూర్చుంటుంది. రెండు విధాలా తలుపు తెరుచుకోదు.

కాబట్టి పిన్ను ఎంపిక అంటే కూడిక. ష్లేగ్ అనే కంపెనీ తాళాల్లో ప్లగ్ అడ్డకొలత అర అంగుళం, అంటే వెయ్యింట 500 వంతులు. చెవిలో గాటు కింద మిగిలిన లోహం ఎత్తూ, పిన్ను పొడవూ కలిసి ఆ 500 కావాలి. గాట్లు 0 నుంచి 9 దాకా పది మెట్లు, మెట్టుకు 15 వంతులు. 4వ నంబరు గాటు దగ్గర 275 మిగులుతుంది, పిన్ను 225 ఉండాలి. క్విక్‌సెట్ అనే ఇంకో కంపెనీ తాళాల్లో మెట్టు 23 వంతులు. రెండింట్లోనూ 3వ నంబరు పిన్ను ఉంది కానీ ష్లేగ్‌ది 210, క్విక్‌సెట్‌ది 217. కళ్లతో చూసి ఈ తేడా పట్టలేం. నంబరు ఒకటే కదా అని కలిపేస్తే చెవి పట్టేస్తుంది, లేదా ఊపి ఊపి తిప్పాలి. పొడుగు పిన్నును ఆకురాయితో అరగదీసి సర్దేవాళ్లూ ఉన్నారు. అది పని కాదు, పని తప్పించుకోవడం.

పిన్నులు మార్చడానికి ప్లగ్ బయటికి లాగేటప్పుడు వెనకాలే అంతే లావు కడ్డీ ఒకటి తోసుకుంటూ పోవాలి. లేదంటే పైపిన్నులూ స్ప్రింగులూ గదంతా ఏరుకోవాల్సిందే.

అయిదు పిన్నులకు పది మెట్లంటే లెక్కప్రకారం లక్ష చెవులు. కానీ పక్కపక్కన మరీ లోతు, మరీ పైగాటు పడితే చెవి వాలు నిలవదు కాబట్టి కొన్ని కలయికలు వదిలేస్తారు. ఇక అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో అన్ని తలుపులూ తెరిచే మాస్టర్ చెవి కావాలంటే రెండు పిన్నుల మధ్య ఇంకో పల్చటి బిళ్ల వేస్తారు. అప్పుడు ఒక వరసలో తిరిగే ఎత్తులు రెండవుతాయి. అయిదు వరసల్లోనూ వేస్తే 32 రకాల చెవులు అదే తాళాన్ని తెరుస్తాయి. చేతిలో ఒక మామూలు చెవి, అది తెరిచే తాళం, కొన్ని ఖాళీ చెవులు ఉంటే మాస్టర్ చెవి కొలతలు ఒక్కొక్కటిగా రాబట్టవచ్చని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త మ్యాట్ బ్లేజ్ 2003లో రాసి చూపించాడు. ఇది మాకెప్పుడో తెలుసంటూ తాళాలవాళ్లు కోప్పడ్డారు. తెలిసీ చెప్పకపోవడం ఎవరికి మేలో వాళ్లు చెప్పలేదు.

మన దగ్గర పిన్నుల డబ్బా అంతగా కనిపించదు. అలీగఢ్ నుంచి వచ్చే తాళం కప్పల్లో చాలావాటిలో, 1897లో బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ మొదలుపెట్టిన కంపెనీ పేరు మోసిన కప్పల్లో, పనిచేసేవి లీవర్లు, అంటే బారన్ వారసత్వం. హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్ల తలుపులకు సిలిండర్లు వచ్చినా వాటికి పిన్నులు మార్చేవాళ్లు అరుదు. తలుపు అంచున ఉన్న పొడుగు స్క్రూ విప్పి, చెవి కొద్దిగా తిప్పి, సిలిండర్ మొత్తం లాగేసి కొత్తది తోస్తారు. కొనడానికి వెళ్లేముందు స్క్రూ రంధ్రం మధ్యనుంచి రెండు చివరలకూ విడివిడిగా మిల్లీమీటర్లలో కొలిచి రాసుకెళ్లాలి. రెండువైపులా సమానంగా ఉండాలని రూలేమీ లేదు.