పున్నమి పోటు

కీ తిప్పారు. స్టార్టర్ గిర్రున తిరిగింది. ఇంజిన్ అందుకోలేదు.

కార్తీక పున్నమి తెల్లవారుజాము. నడవలేని తల్లిని నీళ్ల దాకా తీసుకెళ్దామని, తెనాలి మాస్టారు తన 2001 మోడల్ జెన్ కారును సూర్యలంక తీరంలో జనానికి ఎడంగా, సరుగుడు తోటల పక్క నుంచి తడి ఇసుకలోకి దించారు. ఇప్పుడు చక్రాలు దిగబడ్డాయి. ట్రాక్టరు కోసం వెళ్లిన కొడుకు ఫోన్ ఎత్తట్లేదు. పైగా పున్నమి పోటు, ఇంకా పెరిగే వేళ.

బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు బైకు మీద వచ్చిన మెకానిక్ కుర్రాడు బానెట్ ఎత్తలేదు. ముందు డ్యాష్‌బోర్డు వైపు వంగాడు.

"మాస్టారూ, కీ ఆన్ చేసి ఆపండి. స్టార్ట్ చేయొద్దు."

చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. వెనక పెట్రోలు పంపు రెండు సెకన్లు జుయ్‌మనాలి. అదీ లేదు.

"ఇదివరకు ఆగిందా?"

"వేడెక్కితే ఆగేది, చల్లారాక నడిచేది. కాయిల్ మార్పించా, పంపు మార్పించా. ఇందాక ఫోన్ చేస్తే ఒకాయన ఈసీఎం, అదే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, పోయిందన్నాడు."

కుర్రాడు మాట్లాడలేదు. వెనక చక్రానికి నురుగు తగిలింది.

కార్బురేటర్ బండయితే స్క్రూడ్రైవర్‌తో ఏదో ఒకటి చేసేవాడు. ఇది ఎంపీఎఫ్ఐ, పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే బండి. ఎంత పెట్రోలు చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో ఈసీఎం చెప్పాలి. బండి తన తప్పును తానే పసిగట్టి చెప్పే ఓబీడీ మన దేశంలో తప్పనిసరి అయ్యింది 2010 ఏప్రిల్ నుంచి. అంతకుముందటి బండికి స్కానర్ తగిలిస్తే తప్పేంటో చెబుతుందన్న భరోసా లేదు. ఈసీఎంకి కరెంటే అందకపోతే ఏ స్కానరైనా మూగదే.

ఫ్యూజు చూశాడు. బాగుంది. ఈసీఎంకి వెళ్లే వైరులో 12 వోల్టులు. అదీ బాగుంది. మరి?

టెస్ట్ ల్యాంపు క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి తగిలించాడు. మొన ఇంజిన్‌కి ఆనించాడు. భగ్గున వెలిగింది. ఈసీఎం ఎర్తు వైరులోకి గుండుసూది గుచ్చి, మొన దానికి ఆనించాడు.

చీకటి.

"దొరికింది!"

ఉప్పుగాలికి వేళ్లు జిగటగా జారుతుంటే, పెద్దావిడ వెనక సీట్లో గోవిందా గోవిందా అంటుంటే, ఒక అల టైరు సగం దాకా ఎక్కి కింద ఇసుకను లాక్కుపోతుంటే, అతను ఆ వైరు తొక్క చీల్చి, రాగి పోగులకు జంపర్ వైరు మెలేసి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి బిగించి, "కొట్టండి మాస్టారూ!" అని అరిచాడు.

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పంపు జుయ్‌మంది. ఇంజిన్ ఒక్కసారి దగ్గి, అందుకుంది. జాలర్లు నలుగురు భుజాలు పెట్టి నెట్టారు. బండి గట్టెక్కింది.

సరుగుడు నీడలో కుర్రాడు అసలు పని మొదలుపెట్టాడు. ఎర్తు బోల్టు విప్పాడు. అక్కడ వైరు తొక్క పైకి నున్నగా, కొత్తదానిలా ఉంది. కోసి చూస్తే లోపలి రాగి పచ్చటి చిలుము పట్టి, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. వేడికి ఆ కాస్త అతుకూ విడిపోయేదన్నమాట. గరుకు కాగితంతో బోల్టు కింద లోహాన్ని మెరిసేదాకా రుద్దాడు. కొత్త లగ్గు వేసి, గ్రీజు పూసి బిగించాడు.

పాత ఈసీఎం ఇప్పటికీ ఆ బండిలోనే ఉంది. మీ బండిదీ మార్చాలని ఎవరైనా అంటే, ముందు ఎర్తు వైరు విప్పి చూపించమనండి.