ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష

వాహనం నడపడం నేర్చుకునేందుకు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు (ఎల్‌ఎల్‌ఆర్) కోసం రాయవలసిన ప్రాథమిక పరీక్ష. దీనికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనలు ఆధారం.

విషయాలు: ట్రాఫిక్ గుర్తులు, సిగ్నళ్లు, రహదారి నియమాలు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు బాధ్యతలు, వెంట ఉంచుకోవలసిన పత్రాలు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు.

ఉత్తీర్ణత: అడిగిన ప్రశ్నల్లో కనీసం 60 శాతానికి సరైన జవాబులు ఇవ్వాలి. తప్పినవారు మళ్లీ రాయవచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం పరీక్షకైనా, పునఃపరీక్షకైనా రుసుము రూ.50.

తరువాతి దశ: ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. అందులో తప్పితే 7 రోజుల తరువాత, మూడుసార్లు తప్పితే 60 రోజుల తరువాతే మరో అవకాశం. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారి వాహనానికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని 'ఎల్' అక్షరం తప్పనిసరి.