వయోజన ట్రయథ్లాన్ క్రీడాకారుల ఈత: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం

ఈత, సైకిల్ తొక్కడం, పరుగు అనే మూడింటినీ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో ఆ పేరుతో మొదలైన ఈ క్రీడకు 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్‌లో చోటు దక్కింది. అక్కడి పోటీ దూరాలు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఉద్యోగాలు చేసుకుంటూ ఈ క్రీడను సాధన చేసే భారతీయ ఔత్సాహికులలో చాలామందికి 2019లో గోవాలో ప్రారంభమైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ ప్రధాన లక్ష్యమైంది. అందులో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. మొత్తం దూరంలో ఈత వాటా రెండు శాతమైనా లేదు. అయినప్పటికీ దానిని 70 నిమిషాలలో, అంటే ప్రతి 100 మీటర్లకు సుమారు 3 నిమిషాల 40 సెకన్ల చొప్పున, ముగించలేనివారికి పోటీ అక్కడితోనే ఆగిపోతుంది కనుక, సైకిల్‌పై ఎంత సత్తా ఉన్నా ఈత రానివారికి దానిని చూపే అవకాశమే రాదు.

ప్రాంత నేపథ్యం

రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్, చేవెళ్ల మండలాలు హైదరాబాద్ సైక్లిస్టులకు చిరపరిచితమైనవి. నగరం అంచున పోలీస్ అకాడమీ కూడలి దగ్గర మొదలై మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు సాగి, ఆపై వికారాబాద్ అనంతగిరి కొండల వైపు మళ్లే దారి, ఇరువైపులా కమ్ముకున్న పాత మర్రిచెట్ల నీడతో, సెలవు రోజుల తెల్లవారుజామున సైకిళ్లతో నిండుతుంది. అనంతగిరిలో పుట్టిన మూసీకి 1908 సెప్టెంబరులో వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తరువాత, వరద నియంత్రణకూ తాగునీటికీ కలిపి మూసీపై ఉస్మాన్‌సాగర్‌ను 1920లోనూ, దాని ఉపనది ఈసాపై హిమాయత్‌సాగర్‌ను 1927లోనూ నిర్మించారు. ఈ జంట జలాశయాల రక్షణకు 1996లో వెలువడిన 111వ జీవో 84 గ్రామాలలో భారీ నిర్మాణాలను, కాలుష్య పరిశ్రమలను నియంత్రించింది. ఈ దారులు పల్లెదారులుగానే చాలాకాలం మిగిలి ఉండటంలో ఆ ఉత్తర్వుకూ పాలు ఉంది.

అందువల్ల ఇక్కడ సాధన చేసేవారి పరిస్థితి విచిత్రమైనది. కనుచూపు మేరలో రెండు పెద్ద జలాశయాలు కనిపిస్తున్నా, అవి తాగునీటివి కాబట్టి వాటిలో ఈతకు అనుమతి లేదు, ఉండకూడదు కూడా. లోతు తెలియని ఆ నీటిలో బురద, నాచు, వరద గేట్లు ఎత్తినప్పటి ఉరవడి ఏటా ప్రాణాలకు ముప్పు తెస్తూనే ఉన్నాయి. మొయినాబాద్ చుట్టుపక్కల ఫాంహౌసులలో ఉన్న చిన్న కొలనులలో నాలుగు బారలు వేసేసరికి గోడ తగులుతుంది. నీటికి అలవాటు పడటానికి అవి చాలు గాని దూరపు ఈత సాధనకు చాలవు. దానికి నగరంలోని పెద్ద కొలనులే దిక్కు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదికైన గచ్చిబౌలి క్రీడా సముదాయంలోని 50 మీటర్ల కొలను అటువంటిది.

ఒకప్పుడు ఈ పల్లెల పిల్లలకు వ్యవసాయ బావులే ఈత బడులు. నడుముకు జీలుగు బెండ్లో ఎండిన సొరబుర్రో కట్టి, మోకు పట్టుకుని ఒక పెద్దమనిషి గట్టుమీద నిలబడితే, వారం పది రోజులలో పిల్లవాడు బెండు విప్పేసి మెట్లమీది నుంచి దూకేవాడు. బోరుబావులు పెరిగి భూగర్భ జలం అడుగంటి బావులు ఎండిపోవడంతో ఆ విద్య ఒక తరానికి దాదాపు తెగిపోయింది. నేడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ట్రయథ్లాన్‌కు వచ్చేవారు రెండు రకాలుగా కనిపించడానికి ఇదే కారణం: బావిలో నేర్చి తల పైకెత్తి ఈదేవారు ఒకరు, నీటిలో ఎన్నడూ దిగనివారు మరొకరు. మొదటివారికి నీటి భయం లేదు, ఊపిరి మీద అదుపు ఉంది, మార్చుకోవలసింది భంగిమ మాత్రమే. ఇది చిన్న ఆస్తి కాదు.

బలహీనతకు మూలం

నీటి సాంద్రత గాలి కంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లు, దానిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. కాబట్టి బలం పెంచి వేగం సాధించడం కంటే నిరోధం తగ్గించి సాధించడమే చౌక. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకుడు హూబ్ టూసాన్ 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. పోటీ ఈతగాళ్లు, ట్రయథ్లాన్ క్రీడాకారులు దాదాపు సమానమైన శక్తిని వెచ్చించినా, ఆ శక్తిలో శరీరాన్ని ముందుకు నడిపించిన భాగం మొదటివారిలో 61 శాతం, రెండవవారిలో 44 శాతం మాత్రమే. మిగిలినదంతా నీటిని వెనక్కి విసరడంలో వృథా అయింది. ఒక్కొక్క బారకు ముందుకు సాగే దూరంలోనే వారి మధ్య తేడా తేలింది. గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం ఎంత ఉన్న సైక్లిస్టు అయినా 25 మీటర్ల చివర గోడ పట్టుకుని రొప్పడం ఇందుకే.

శరీరాన్ని తేల్చేది ఊపిరితిత్తులలోని గాలి, అంటే ఛాతీ. బరువు కేంద్రీకృతమయ్యేది నడుము దగ్గర. ఈ రెండింటి మధ్య దూరం వల్ల కాళ్లు సహజంగానే కిందికి దిగుతాయి, సైకిల్, పరుగులతో కండపట్టిన కాళ్లు మరింతగా దిగుతాయి. ఊపిరికోసం తల ఎత్తిన ప్రతిసారీ త్రాసులో ఒక పళ్లెం లేస్తే రెండవది కుంగినట్టు నడుము కుంగి, మనిషి నీటిలో ఏటవాలుగా నిలబడి నీటిని ఛాతీతో నెట్టుకుంటూ పోవలసి వస్తుంది. పరుగువల్ల బిగుసుకున్న చీలమండలు మరొక అడ్డంకి. పాదం వెనక్కి వాలకుండా కొక్కెంలా నిలిచి కాళ్లాడిస్తే మనిషి కదలకపోగా, కొందరు వెనక్కి జరగడం కూడా కొలనులలో చూడవచ్చు.

ఊపిరి విషయంలో అపోహ అన్నింటికంటే గట్టిది. తగినంత గాలి పీల్చడం లేదని బలహీన ఈతగాడు అనుకుంటాడు. నిజానికి అతడు చాలినంత గాలి వదలడం లేదు. ముఖం నీటిలో ఉన్నంతసేపూ దమ్ము బిగబట్టి, తల తిప్పిన ఆ అర సెకనులోనే వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోతే, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఊపిరాడని భావన కలుగుతుంది, దానితో గాభరా పుడుతుంది.

సాధన

మెరుగుదల ఈ క్రమంలోనే జరగాలి: ముందు ఊపిరి, తరువాత భంగిమ, ఆ తరువాత చేతి పట్టు, చివరగా దారుఢ్యం. గొంతు లోతు నీటిలో మునిగి ముక్కుతో నెమ్మదిగా బుడగలు వదిలి, లేచి నోటితో పీల్చి, మళ్లీ మునిగే అభ్యాసం పసిపిల్లల పనిలా కనిపించినా, దానిని వదిలేసి నేరుగా బారలు లెక్కపెట్టేవారే ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతారు. తరువాత చూపు కొలను అడుగుకు ఆనించి, ఛాతీని కాస్త నీటిలోకి ఒత్తి, నడుము తేలడాన్ని గమనించాలి. పక్కకు ఒరిగి ఒక చేయి ముందుకు చాచి కాళ్లాడించే అభ్యాసంతో, ఊపిరికోసం తల ఎత్తనవసరం లేదని, భుజంతోపాటు తల తిరిగితే చాలని శరీరానికి అర్థమవుతుంది. తొడల మధ్య పెట్టుకునే నురుగు దిమ్మ, అంటే పుల్ బాయ్, కాళ్లను తేల్చి ఈ భంగిమ రుచి చూపిస్తుంది. అయితే సాధనంతా దానితోనే సాగించేవారు తమ లోపాన్ని సరిచేసుకోకుండా కప్పిపుచ్చుకుంటున్నట్లే.

చేతి పట్టు అంటే చాచిన చేతిని నిటారుగా కిందికి నొక్కకుండా, మోచేయి పైన ఉంచి అరచేయి, ముంజేయి కలిపి నీటిని వెనక్కి నెట్టడం. పిడికిలి బిగించి కొంత దూరం ఈది ఆపై అరచేయి విప్పితే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. తన తప్పు తనకు నీటిలో తెలియదు గనుక, శిక్షకుడి కన్ను లేదా నీటిలో తీసిన చిన్న వీడియో, నెలల సాధన చేయలేని పనిని ఒక పూటలో చేస్తుంది.

వారానికి ఒక రోజు గంటన్నర ఈదడం కంటే నాలుగు రోజులు అరగంట చొప్పున ఈదడం మేలు, ఎందుకంటే నీటి స్పర్శ చాలా త్వరగా మరుపున పడుతుంది. వేగాన్ని కొలవడానికి 400, 200 మీటర్లను వేర్వేరుగా శక్తి కొద్దీ ఈది, రెండు కాలాల తేడాను సగం చేస్తే 100 మీటర్ల సాధన వేగం వస్తుంది; దీనిని క్రిటికల్ స్విమ్ స్పీడ్ అంటారు. 400 మీటర్లకు 10 నిమిషాలు, 200 మీటర్లకు 4 నిమిషాల 40 సెకన్లు పట్టినవారికి అది 2 నిమిషాల 40 సెకన్లు. ఆ వేగంతో 100 మీటర్ల చొప్పున, మధ్యలో కొద్ది సెకన్ల విరామంతో, పలుమార్లు ఈదడం దారుఢ్యాన్ని పెంచుతుంది.

వయసు మీరిందన్న మాటకు హైదరాబాద్‌లో స్థిరపడిన గోలి శ్యామల సమాధానం చెప్పారు. నలభై దాటాక ఈత నేర్చిన ఆమె 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లను 13 గంటల 43 నిమిషాలలో ఈదారు.

సముద్రంలోకి

కొలనులో కుదిరిన ఈత సముద్రంలో కొంత చెదురుతుంది. ఉప్పునీరు మనిషిని మరికాస్త తేలుస్తుంది గాని, అడుగున గీత ఉండదు, పక్కవారి చేతులు తగులుతాయి, అల ముఖాన కొడుతుంది. కొన్ని బారలకొకసారి కళ్లు మాత్రమే నీటిపైకి తెచ్చి ముందు దారి గుర్తుగా తేలే బోయాను చూసుకోవడం, రెండు వైపులా ఊపిరి తీసుకోవడం కొలనులోనే నేర్చుకోవాలి. శరీరాన్ని తేల్చే రబ్బరు దుస్తులపై బలహీన ఈతగాళ్లు పెట్టుకునే ఆశ గోవాలో ఫలించదు. నీరు వెచ్చనిది కనుక నిబంధనల ప్రకారం వాటికి అనుమతి లేదు. అమెరికా ట్రయథ్లాన్ పోటీలలో 1985 నుంచి 2016 వరకు నమోదైన 135 మరణాలు, గుండె ఆగిన ఘటనలలో మూడింట రెండు వంతులు ఈతలోనే సంభవించాయి. అందువల్ల నలభై దాటినవారు సముద్రంలో దిగేముందు గుండె పరీక్ష చేయించుకోవడం, ఒంటరిగా ఎక్కడా ఈదకపోవడం, పోటీలో గుంపును ముందుకు పోనిచ్చి అంచున బయలుదేరడం, గాభరా కలిగితే వెల్లకిలా తిరిగి ఊపిరి కుదుటపడేదాకా తేలడం తప్పనిసరి. అవసరమైతే రక్షక పడవను పట్టుకుని ఆగవచ్చు. దాని సాయంతో ముందుకు కదలనంతవరకు పోటీ నుంచి తొలగించరు.