ఓడల మజిలీ: షార్లట్ అమాలియా

పూర్వము కాశీయాత్రకు కాలినడకను బోవువారికి త్రోవ పొడుగునను మజిలీలుండెడివి. మధిర సుబ్బన్న దీక్షితులుగారు ఆ మజిలీలకు కథల నల్లి తెలుగు పాఠకులకు సంపుటములకొలది గ్రంథము నొసంగిరి గాని, ఆ కథలలోని మణిసిద్ధుడును గోపడును బస చేసిన ఆ యూళ్ళవారు వచ్చిపోవు బాటసారులవలన నెట్లు బ్రదికిరో, ఎవరి రాకకై యెదురుచూచిరో చెప్పుట ఆయన యుద్దేశము కాదు. బాటసారికి మజిలీ యనగా ఒక పూట. ఆ యూరివారికి అది జీవనము. ఈ రెండవ దృష్టితో చూడదగిన రేవుపట్టణ మొకటి కరేబియన్ సముద్రపు టంచున కలదు. దాని పేరు షార్లట్ అమాలియా. సెయింట్ థామస్ ద్వీపమునకు అది ముఖ్యపట్టణము.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు పిల్లల సెలవులలో ఫ్లారిడా రేవులనుండి బయలుదేరు విహారనౌకల నెక్కుట ఇటీవల విరివియైనది. ఉదయము దిగి సాయంకాలమునకు మరల నెక్కవలసిన ఆ కొద్ది గంటలలో సముద్రస్నానమునకు పోవుదమా, నగలబజారు చూతమా యని వారు నెలలముందే ప్రణాళిక వేసికొందురు. ఆ ప్రణాళికలో ఈ పట్టణము ఒక్క పంక్తి. ఆ పంక్తి వెనుక కోపెన్‌హేగెనులోను లండనులోను హాంబర్గులోను వాషింగ్టనులోను ఇతరులు మూడున్నర శతాబ్దులుగా వేసిన ప్రణాళిక లెన్నియో కలవు. మజిలీ యగుటయే ఆ యూరికి వృత్తి. ఆ వృత్తికి షరతులను మాత్రము అది యెన్నడును తాను నిర్ణయించుకొనలేదు.

ద్వీపము చిన్నది, విస్తీర్ణము సుమారు 31 చదరపు మైళ్ళు. అందును చాలభాగము నిట్టనిలువు కొండలు. చెప్పుకొనదగిన నది లేదు. వాననీటిని ఇంటికప్పుల నుండి తొట్లలోనికి పట్టి దాచుకొనుట నేటికిని అచటి ఆచారము. చెఱకు వేసినను దక్షిణమున నున్న సెయింట్ క్రోయి ద్వీపమున పండినట్లు పండదు. ప్రకృతి ఈ నేలకు పొలము నీయక రేవు నిచ్చినది. కొండల చాటున లోతైన అఖాతము. అట్లాంటిక్కు దాటి వాణిజ్యపవనముల నాశ్రయించి వచ్చు తెరచాప యోడలు కరేబియన్ సముద్రమున ప్రవేశించు ద్వారమునకు అది అతిసమీపము. ఓడ అలసి, నీరు తరిగి, చాప చిరిగి మొట్టమొదట తల దాచుకొనదలచు తావున ఆ రేవు ఉన్నది.

1671లో అధికారపత్రము పొందిన డేనిష్ వెస్టిండియా కంపెనీవారు మరుసటి యేడు ఇచట దిగి, కోట కట్ట నారంభించిరి. ఈ డేనులు మనకు క్రొత్తవారు కారు. తెలుగున కావ్యములు రచించిన తంజావూరి రఘునాథనాయకునితో 1620లో ఒడంబడిక చేసికొని తరంగంబాడిని పొందినది వీరే. మచిలీబందరున కూడ కొంతకాలము వర్తకస్థానమును నిలుపుకొనినది వీరే. చోళమండల తీరమున మన సాలెవారు నేసిన నూలుబట్టలు ఐరోపా నౌకలలో ఆఫ్రికాలోని గినీతీరమునకు పోయి, అచట మనుష్యులకు వెలగా చెల్లెను. ఆ తీరమున డేనులకు క్రిస్టియన్స్‌బోర్గ్ అను దుర్గ ముండెను. ఆ దుర్గమునుండి బానిసలు ఓడలయడుగున సంకెళ్ళతో సెయింట్ థామసునకు వచ్చి, ఇచట అమ్ముడుపోయి, చుట్టుపట్ల ద్వీపములకు చెదరిరి. 1685లో బ్రాండెన్‌బర్గువారు సైతము ఈ దీవిలో కొంత నేల కౌలునకు బుచ్చుకొని ఇదే వ్యాపారము సాగించిరి. డెన్మార్కు రాజు 1792లో ఈ వ్యాపారమును నిషేధించుచు శాసనము చేసెను గాని, తోటల యజమానులు కావలసినంతమందిని ముందే సమకూర్చుకొనుటకై అది 1803నుండి మాత్రమే అమలునకు వచ్చునట్లు గడు వొసంగెను. ధర్మమునకు పదియేండ్ల వాయిదా వేసి ఆ రాజ్యము పుణ్యమును లాభమును రెండింటిని కట్టుకొనజూచినదని నా యభిప్రాయము. సంకెళ్ళు తెగుటకు 1848 జూలై 3వ తేదీ రావలసివచ్చెను. ఆనాడు సెయింట్ క్రోయిలో వేలకొలది బానిసలు తిరుగబడి అచటి కోటయెదుట నిలిచినపుడు, గవర్నరు పీటర్ ఫాన్ షోల్టెన్ వారు స్వతంత్రులని ప్రకటింపక తప్పినది కాదు.

కోటప్రక్కన మొదట వెలసినవి పానశాలలు. ఊరికి తొలిపేరును వానినిబట్టియే వచ్చినది. 1691లో మాత్రమే అయిదవ క్రిస్టియన్ రాజు పట్టపురాణి పేర షార్లట్ అమాలియా యను గౌరవనామము సంక్రమించెను. పానశాల లున్నచోటికి ఓడదొంగలు రాకుందురా? 1680ల నాటి గవర్నరు అడాల్ఫ్ ఎస్మిట్ వారిని చేరదీసి, దోపిడిసొత్తును కొనుటకు వెనుదీయలేదు. 1683లో జాన్ హామ్లిన్ అను ఫ్రెంచి ఓడదొంగ నౌకను ఇంగ్లీషు నౌకాధికారి యొకడు ఈ రేవులోనే కాల్చివేసెను. ఆశ్చర్యమేమన, ఈ నిజమైన దొంగ పేరు నేడు రేవులో వినబడదు. కొండమీది పాతబురుజులలో ఒకదానికి నల్లగడ్డపువాడను ఓడదొంగ పేరును, మరొకదానికి నీలిగడ్డపువాని పేరును పెట్టి యాత్రికులకు చూపుదురు. మొదటివాడు అచట నిలిచెననుటకు ఆధారము లేదు. రెండవవాడు కేవలము ఫ్రెంచి పిల్లలకథలోని పాత్ర.

1764లో డేనిష్ ప్రభుత్వము ఈ రేవును సర్వదేశముల యోడలకును తెరచినది. అంతకన్న గొప్ప వరము డెన్మార్కు తటస్థత. ఇంగ్లండును ఫ్రాన్సును తరముల తరబడి పోరాడుచుండగా, శత్రువులిరువురి సరకును ఒకే గట్టున దింపుకొని ఒకే త్రాసున తూచగలిగినది ఈ యూరే. (1801లోను, 1807నుండి 1815 వరకును ఇంగ్లీషువారు దీవినే యాక్రమించుకొనుటచే ఆ తటస్థతకు విలువ యెంతయో తెలిసివచ్చెను.) సముద్రతీరమునుండి రాణివీధివరకును పొడవైన గిడ్డంగులు బారులు తీరెను. 1804లోను 1806లోను అగ్నిప్రమాదములు కొయ్యకట్టడములను బూడిద గావింపగా, వర్తకులు మందపుగోడలు, కమానులు, ఇనుపతలుపులు గల గిడ్డంగులను కట్టుకొనిరి. చక్కెర కొనిపోవుటకు ఐరోపానుండి ఖాళీగా వచ్చు ఓడలు బరువునకై అడుగున ఇటుకలు పేర్చుకొని వచ్చెడివి. ఆ యిటుకలే గోడలయ్యెను, కొండనెక్కు మెట్లయ్యెను. తొంబదితొమ్మిది మెట్లని పేరుపడిన సోపానమును లెక్కించినవారు నూటమూడు కలవని చెప్పుదురు.

ఇట్టి సంతలో సకలజాతులవారును చేరిరి. యూదుల సమాజము 1796లో ఏర్పడినది. 1833లో వారు కట్టుకొనిన ప్రార్థనామందిరమున నేలపై నేటికిని ఇసుక పరచియుండును. అట్టి యూదువర్తకుని యింట రాణివీధిలో 1830 జూలై 10న జన్మించిన కామీ పిసారో, తండ్రి దుకాణపు లెక్కలపై మనసు నిలువక, పారిసునకు పోయి ఫ్రెంచి చిత్రకళలో నూతనయుగమును తెచ్చినవారిలో పెద్దదిక్కయ్యెను. రెండేండ్ల తరువాత అదే పట్టణమున నల్లవారి యింట బుట్టిన ఎడ్వర్డ్ బ్లైడెన్ ఆఫ్రికాలోని లైబీరియాకు పోయి పండితుడుగను రాజనీతిజ్ఞుడుగను ప్రసిద్ధికెక్కెను. మజిలీయూరు తన బిడ్డలను సైతము బాటసారులను చేయును కాబోలు.

తెరచాప పోయి ఆవిరి వచ్చినపుడు ఈ యూరు నశింపవలసినది, నశింపలేదు. ఆవిరియోడకు గాలితో పని లేదు గాని బొగ్గుతో పని కలదు. 1842లో ఇంగ్లండునుండి రాకపోకలు మొదలిడిన రాయల్ మెయిల్ కంపెనీ ఓడలు కొలదికాలములోనే సెయింట్ థామసును తమ కూడలిగా చేసికొనెను; పిమ్మట హాంబర్గు కంపెనీయు ఇచట స్థావర మేర్పరచుకొనెను. సముద్రము దాటి వచ్చిన బొగ్గు రేవున గుట్టలు పడెను. ఆ గుట్టలనుండి ఓడ కడుపులోనికి బొగ్గును చేరవేసినవారిలో స్త్రీలే యెక్కువ. తలగుడ్డ చుట్టి, నిండుతట్ట నెత్తిన బెట్టి, ఊగుచున్న పలకబాటమీదుగా బారులు బారులుగా నెక్కి, కుమ్మరించి, వేరొక బాటన దిగి, తట్టకింత యని కూలి పుచ్చుకొనుచు, పగలనక రాత్రియనక ఓడ కదలువరకును వారు పనిచేసిరి. విహారయాత్రికులు పైయంతస్తున నిలిచి ఆ దృశ్యమును వేడుకగా చూచి పుస్తకములలో వర్ణించిరి. ఆ తట్ట బరువెంతయో మోసినవారికే యెఱుక. 1892లో వెండిధర పడిపోవుటచే మెక్సికో నాణెములకు విలువ తగ్గగా, కూలిని మాత్రము కంపెనీలు ఆ నాణెములలోనే యిచ్చుచుండెను. సెప్టెంబరు మాసమున కోజాయా అను స్త్రీ ముందు నడువగా బొగ్గుకూలీలు వీధులలో ఊరేగి, చెల్లుబడి గల నాణెమున కూలి యిండని నిలదీసిరి. ఆమెను జనులు రాణి యనిరి. రాజపత్నులకన్న ఈ రాణియే ఆ పట్టణచరిత్రలో నాకు పెద్దగా కనబడును. నేటికిని ఆ యూరివారు ఆమె ఘట్టమును వీధిలో అభినయింతురు.

ఆ శతాబ్దిలోనే ఈ యూరిని అమ్మివేయు బేరమును జరిగినది. 1867 అక్టోబరు 24న డెన్మార్కును అమెరికాయు సెయింట్ థామస్, సెయింట్ జాన్ ద్వీపములను 75 లక్షల డాలర్లకు మార్చుకొన నొడంబడిక వ్రాసికొనిరి. అయిదుదినముల కెల్ల, 29వ తేదీన, ఘోరమైన తుపాను వచ్చి రేవులోని ఓడలను ముక్కలు గావించెను. రాయల్ మెయిల్ వారి రోన్ అను నౌక సమీపమున మునిగి అనేకులు మరణించిరి. నవంబరు 18న భూకంపమును, దానివెనుక సముద్రపుటుప్పెనయు వచ్చెను. బేరమాడిన సరకు ఇట్లు ఇరువదిదినములలో ముమ్మారు దెబ్బతిన్న వార్త విని అమెరికా సెనేటు ఉత్సాహపడకపోవుటలో వింత లేదు. వారు ఒడంబడికను ఆమోదింపలేదు. 1902లో మరల బేరము కుదిరినది. ఈసారి డేనిష్ పార్లమెంటు ఎగువసభలో ఓట్లు సరిసమానమై అది వీగిపోయెను. పనామా కాలువ తెరచినచో రేవునకు మంచిదినములు వచ్చునని 1912లో డేనులు వెస్టిండియన్ కంపెనీని స్థాపించి, గట్టు కట్టించి, అఖాతమును త్రవ్వించిరి. కాలువ 1914లో తెరువబడెను. ఆ యేడే ప్రపంచయుద్ధము మొదలయ్యెను. జర్మనులు ఈ రేవును పట్టుకొందురేమో యను భయమున అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల బంగారము నిచ్చి సెయింట్ క్రోయితో కూడ మూడు దీవులను కొనెను. 1917 మార్చి 31న దీవులపై పతాకము మారినది. డెన్మార్కులో ఈ విషయమై ప్రజాభిప్రాయము తీసికొనిరి. దీవులలోని జనులను ఎవ్వరును లాంఛనముగ నడుగలేదు. వారికి అమెరికా పౌరసత్వము 1927లో వచ్చినది. అధ్యక్షుని యెన్నికలో ఓటు నేటికిని లేదు.

ఓడలు చమురునకు మారగా బొగ్గుగుట్టలు కరగిపోయి, కొంతకాలము ఊరు దారిద్ర్యమున మునిగెను. దానిని లేవనెత్తినది ఫిడెల్ కాస్ట్రో యన్నచో అతిశయోక్తి కొంతయే. 1959 తరువాత క్యూబా ద్వారములు మూసికొనగా అమెరికా విహారులు తూర్పుగా మరలిరి. ఈ దీవిలో కొనిన వస్తువులకు అమెరికా సుంకపు మినహాయింపు ఇతర దేశములకన్న హెచ్చుగా నుండుట మరియొక యాకర్షణ. చక్కెర, రమ్ము నిండిన పాతగిడ్డంగులలో వజ్రములు, గడియారములు వెలసినవి. ఆ కమానుల క్రింద నేడు దుకాణము లుంచినవారిలో భారతీయులు, అందును సింధీలు, పలువురు కలరు. ఒకప్పుడు డేనులు కలకత్తానుండి మూడువందల పైచిలుకు కూలీలను సెయింట్ క్రోయికి తీసికొనివచ్చిరి. 1863నాటి ఆ ప్రయత్నము ఒక్క ఓడతోనే ముగిసెను. కూలిగా వచ్చినవాడు నిలువలేదు, వర్తకుడుగా వచ్చినవాడు నిలిచినాడు.

డేనులు బొగ్గుకై కట్టిన గట్టే విహారనౌకలకు రేవైనది. వెస్టిండియన్ కంపెనీని 1993లో దీవుల ప్రభుత్వము కొనినది. 2017 సెప్టెంబరున ఇర్మా తుపాను కప్పులను ఎగురగొట్టి, కొలదిమాసములు ఓడల రాకను ఆపినపుడు, ఆ యూరి బ్రదుకు దేనిపై నిలిచియున్నదో అందఱకును తెలిసినది.

ఇచట మజిలీ చేయదలచిన పాఠకునకు నా మనవి: మీ యోడ హావెన్‌సైటున ఆగునో క్రౌన్‌బేన ఆగునో ముందుగా తెలిసికొనుడు; రెండును ఊరికి చెరియొక ప్రక్కన నున్నవి. స్నానమునకు పోవుటకు ముందే ఎఱ్ఱరంగు గోడల క్రిస్టియన్ కోటను, రాణివీధి గిడ్డంగులను చూడుడు. నగ కొనకున్నను గోడ చూడవచ్చును. బండ్లు అమెరికా బండ్లే, చోదకుడు ఎడమప్రక్కనే కూర్చుండును. అయినను డేనులనాటి యలవాటున అవి త్రోవలో ఎడమప్రక్కనే నడచును. కావున వీధి దాటునపుడు జాగ్రత్త. శీతకాలమున ద్వీపపు గడియారము ఫ్లారిడా గడియారమునకు ఒక గంట ముందుండును. తిరిగి యెక్కవలసిన వేళకు ఓడవారు చెప్పిన గడియారమునే నమ్ముడు.