ఆరుబయటి శిశువిద్య

హైదరాబాదు పాతనగరమున చార్‌మినారుకు నైరుతి దిక్కుగా బహదూర్‌పురా ఉన్నది. ఇండ్లు ఒకదానినొకటి ఒరసికొని, సందులు ఇరుకై, వాకిళ్లు వీధిలోనికే తెరచుకొను వాడలు అచట పెక్కు. ఆ వాడల చెంతనే మీర్ ఆలం చెరువు, దాని యొడ్డున 380 ఎకరముల నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉన్నవి. ఒక ప్రక్క పిడికెడు మన్ను కరవైన సందు; మరియొక ప్రక్క వందల ఎకరముల చెట్ల నీడ. పసిబిడ్డల చదువును గూర్చి ఆలోచించువారికి ఇంతకంటె తగిన తావు దొరకదు. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల శిశువులకు మన్ను, మొక్క, పక్షి, నీరు అనువానినే పాఠములుగా జేసి ఆరుబయట చదువు చెప్పవలెనను భావము ఎచట పుట్టినది, మన దాక ఎట్లు వచ్చినది, వచ్చి ఏమైనది అను చరిత్రను ఈ ప్రసంగమున స్మరింతము.

బయట కూర్చుండి చదువుట మనకు పరాయిది కాదు. మన వీధిబడులు అరుగుల మీదను, చెట్ల క్రిందను సాగినవి. పిల్లలు ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర మద్రాసులో సైనికుల అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు ఈ ఇసుకవ్రాతను ఇచటి బడిలో చూచి, తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో దానిని గూర్చి ఇంగ్లండులో పుస్తకమును ప్రకటించెను. అది అచట ‘మద్రాసు పద్ధతి’ అని పేరొందినది. అయినను మన వీధిబడిలో ఇసుక పలకకు బదులు మాత్రమే. పాఠము అక్షరమే గాని ఇసుక కాదు. చెట్టుచేమల చదువు బడికి వెలుపలనే మిగిలినది. తెలంగాణమున బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు, బంతి పూవులను ఏరి తెచ్చు ఆడుబిడ్డలు ఏ పూవు ఎచట పూయునో, ఏది త్వరగా వాడునో తల్లుల వెంట నడచియే నేర్చిరి. దానిని చదువని యెవరును అనలేదు. బడిని, ఈ ఎరుకను ఒక్కచోట చేర్చి శాస్త్రముగా రూపొందించిన ఘనత జర్మను విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెలుకు దక్కినది.

ఫ్రోబెలు 1782లో జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. పదునేనవ యేట ఒక అటవీ ఉద్యోగి యొద్ద పని నేర్చుకొనుటకు చేరి, రెండేండ్లు అడవుల నడుమ గడపెను. ఆ ఎరుక ఆయన విద్యాభావములకు పునాది యైనది. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గు అను చిన్న ఊరిలో శిశువులకొక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టెను. ఆ జర్మను మాటకు పిల్లల తోట అని అర్థము. ఇది ఉపమానము మాత్రమే కాదు. ఆయన బడిలో నిజముగనే తోట యుండెను. ప్రతి బిడ్డకును సొంతముగా ఒక చిన్న మడి. ఆ మళ్ల చుట్టును అందరికి ఉమ్మడియైన పూలపాదులు, కూరపాదులు. తన మడిలో తనకు నచ్చినది బిడ్డ నాటవచ్చును. నీరు పోయకున్న వాడిపోవుటయు తానే చూచును. ఉమ్మడి పాదులలో పదుగురితో కలసి పని చేయవలెను. స్వేచ్ఛ, బాధ్యత, సహకారము అను మూడు పాఠములను ఒక్క గురువచనమైన లేక మట్టియే చెప్పునట్లు ఆయన ఏర్పాటు చేసెను.

ఇంత సాధువైన ప్రయత్నమును సహితము రాజ్యము సహింపలేదు. నాస్తికత, సామ్యవాదము అను ఆరోపణల మీద ప్రష్యా ప్రభుత్వము 1851లో కిండర్‌గార్టెనులను నిషేధించెను. మరుసటి యేటనే ఫ్రోబెలు మరణించెను. నిషేధము 1860లో తొలగినది. అప్పటికే ఆయన శిష్యులు ఈ విద్యను ఇతర దేశములకు కొనిపోయి యుండిరి. అయితే దూరదేశములకు పేరు చేరినంత సులభముగా తోట చేరలేదు. కొయ్యబంతులు, ఘనములు, కాగితపు పనులు గదులలో కుదురుకొనినవి. మళ్లు మాత్రము వెనుకబడినవి.

తోటను తిరిగి బిడ్డకిచ్చినవారు బీదవాడలలో పని చేసినవారే యగుట గమనింపదగినది. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున సాన్ లోరెంజో అను పేదల పేటలో మరియా మాంటిసోరి తన మొదటి శిశుగృహమును తెరచెను. తరగతి గదినుండి బిడ్డ తనంత తాను తోటలోనికి పోయి రాగలిగియుండవలెనని ఆమె కోరెను. లండనులో డెట్‌ఫోర్డు అను కార్మికుల పేటలో రాచెల్, మార్గరెట్ మెక్‌మిల్లను అను సోదరీమణులు 1914లో ఆరుబయటి శిశుపాఠశాలను స్థాపించిరి. పొగ క్రమ్మిన ఆ సందులలోని పిల్లలకు ఎండ తగులక ఎముకలు వంకరపోయెడివి. భవనమునకు బదులు, ఒక ప్రక్క తెరచియుండు పందిళ్లను, వాని ముందు పూలతో, కూరలతో, సుగంధపు ఆకుమొక్కలతో నిండిన తోటను ఆ సోదరీమణులు ఏర్పరచిరి. స్నానము, భోజనము, నిద్ర, ఆట, చదువు అన్నియు గాలి వెలుతురులలోనే. 1917లో రాచెల్ మరణించినను చెల్లెలు పని నాపలేదు. శిశుపాఠశాలలను నడపుటకు స్థానిక సంఘములకు అధికారమిచ్చిన చట్టము 1918లో ఇంగ్లండున వెలువడినది. ఆరుబయటి చదువు కలవారి వేడుకగా గాక, ఇరుకు సందులలోని బిడ్డకు ఔషధముగా పుట్టినదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన దేశమున రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున చెట్ల నీడను బడిగా జేసెను. అచట చేరినవారు శిశువులు కాక బాలురు. చిన్నబిడ్డలకై గుజరాతులోని భావనగరమున గిజుభాయి బధేకా 1920లో బాలమందిరమును తెరచెను. ఆయన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’ యను పేర మన యుపాధ్యాయులకు సుపరిచితము. 1939లో మాంటిసోరి స్వయముగా మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మరుసటి యేట ఇటలీ యుద్ధమున దిగుటచే, శత్రుదేశపు పౌరురాలిగా ఆమె నిర్బంధములకు లోబడవలసి వచ్చినది. ఆ యుద్ధకాలముననే కొడైకెనాలు కొండలలో పిల్లలతో ఉండి, ప్రకృతి పరిశీలనమును తన విద్యలో విస్తరింపజేసెను. ఆటపాటలే పసివారి చదువని న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా, మద్రాసు రేడియో ద్వారా తెలుగు ఇండ్లకు ఎరుకపరచిరి. ఆటను, పాటను రేడియో చేరవేయగలదు. మన్నును, మొక్కను మాత్రము ఊరివారే సమకూర్చుకొనవలెను.

ఆ సమకూర్చు మార్గమును చూపినది తారాబాయి మోదక్. గిజుభాయితో కలసి పని చేసిన ఈమె 1945లో నేటి మహారాష్ట్రములోని బోర్డీ గ్రామమున శిశువిద్యా కేంద్రమును ప్రారంభించెను. బడి తెరచినంత మాత్రమున బీదబిడ్డలు రారని ఆమె గ్రహించి, బడినే దళితవాడల ముంగిళ్లకు నడపించెను. ముంగిటిలో సాగు బడి గనుక అది ‘అంగన్‌వాడీ’ యైనది. వెలగల విదేశపు పరికరములకు బదులు గులకరాళ్లు, ఆకులు, గవ్వలు, గింజలు లెక్కకును రంగులకును సాధనములైనవి. 1957లో ఆమె కోస్‌బాడ్ కొండకు పోయి, అనుతాయి వాఘ్ తోడ్పాటుతో వార్లీ గిరిజనుల నడుమ పనిచేసెను. పశువులు కాయు పిల్లలకై బడి పచ్చికబయలునకే వెళ్లినది. ప్రభుత్వము 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ప్రారంభించిన సమగ్ర శిశు అభివృద్ధి పథకము తన కేంద్రములకు ఈ అంగన్‌వాడీ పేరునే గ్రహించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఒకటవ తరగతికి ముందు తరగతిని ‘బాలవాటిక’ యనినది. ఫ్రోబెలు పెట్టిన పేరునకు ఇది సరియైన తెలుగు.

ఇచట మనము ఒకింత నిలిచి ఆలోచింపవలెను. కిండర్‌గార్టెన్ అనిన తోట, బాలవాటిక అనిన తోట, అంగన్‌వాడీ అనిన ముంగిలి. మూడు పేళ్లలోను ఆరుబయలు ఉన్నది. మన నగరములలో ఆ పేళ్లు గల చోట్ల పెక్కింట అది కానరాదు. పేరు నిలిచి వస్తువు పోవుట హైదరాబాదునకు క్రొత్త కాదు: కిషన్‌బాగు, జాంబాగు, బషీర్‌బాగు అని నేడు పిలుచు పేటలలో బాగు, అనగా తోట, ఎంత మిగిలినదో నగరవాసులకు తెలియును. అటు డెన్మార్కున 1950వ దశకమున ఎల్లా ఫ్లాటౌ అను తల్లి ఇరుగుపొరుగు పిల్లలను నిత్యము అడవికి కొనిపోవుటతో అరణ్య శిశుశాలలు మొదలైనవి. 1968లో జర్మనీలోని వీస్‌బాడెనులో అట్టిది వెలసినది. 1993లో ఫ్లెన్స్‌బర్గులోని దానికి ప్రభుత్వపు గుర్తింపు కలిగినది. అచటి వార్త విని మన నగరములలో కొందరు ఇది అధిక రుసుము చెల్లింపగల వారికే తగిన క్రొత్త వేడుక యని భావించుచున్నారు. సాన్ లోరెంజో, డెట్‌ఫోర్డు, బోర్డీల చరిత్ర దీనికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక బహదూర్‌పురాకు మరలుదము. ప్రధానమంత్రి మీర్ ఆలం పేర 1804 మొదలు 1806 వరకు నిర్మింపబడిన ఈ చెరువుకట్ట 21 అర్ధచంద్రాకారపు కమానుల వరుస. నీటి ఒత్తిడిని కమానులు ఆపు తీరు నేటికిని ఇంజనీర్లకు పాఠమే. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వచ్చువరకు నగరము ఈ నీటిని త్రాగెను. చెరువు ప్రక్కన జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6వ తేదీన ప్రజలకు తెరువబడినది. అంతకుముందు జంతువులు బాగే ఆం తోటలో నుండెడివి. ఇనుప కటకటాలను తగ్గించి, కందకమే అడ్డుగా జంతువును బయలున నిలుపు పద్ధతి ఇచట పాటింపబడినది. జర్మనీలోని హాంబర్గు చెంత హాగెన్‌బెక్ 1907లో చూపిన పద్ధతి యిది. పగటిని రాత్రిగా మార్చి గుడ్లగూబల వంటి నిశాచరములను చూపు శాలయు కలదు. 1963లో బాగే ఆం నుండి వచ్చిన గాలాపగోస్ తాబేలు ఒకటి నూరేండ్లు దాటిన వయసున 2024 మార్చిలో మరణించినది. తాత, తండ్రి, మనుమడు ముగ్గురును తమ తమ బాల్యమున చూచిన ప్రాణి యది.

ఇంతటి తోట చెంతనుండియు, అది వాడబిడ్డకు ఏడాదికొక పండుగ మాత్రమే యైనచో ఫ్రోబెలు చెప్పిన విద్య కాజాలదు. ఒక్కనాడు నూరు జంతువులను చూచి అలసిన బిడ్డకంటె, ఒక చెట్టునే నూరునాళ్లు చూచిన బిడ్డ ఎక్కువ నేర్చును. చిగురు, పూత, కాయ, ఆకురాలుట ఒకదాని వెంట నొకటి రావలెనన్న కాలము కావలెను. కావున పెద్ద తోటకు యాత్ర అవసరమే. ముంగిట మడి అంతకంటె అవసరము. చిల్లి యున్న పాత గంగాళములో మన్ను పోసిన చాలును. మెంతులు చల్లిన నాలుగైదు నాళ్లకు మొలక కనబడును. పసివాని ఓర్పుకు అది సరిపోవును. బచ్చలి తీగ గోడ ప్రాకును. నానబెట్టిన పెసలు మరునాటికే మొలకెత్తి, గింజలో ప్రాణమున్నదని చెప్పును. చలిదేశములలో ఎండను వెదకి బయటకు పోయిరి. మనము నీడను వెదకి పోవలెను. వేప నీడ, కానుగ నీడ, ఉదయపు రెండు గంటలు, కుండలో మంచినీళ్లు. మన వాతావరణమునకు తగిన బడిగంటలు అవే. జంతు ప్రదర్శనశాలకు పోవునప్పుడు సహితము పదిమంది బిడ్డలతో ఒక్క ఆవరణ ముందు అరగంట నిలుచుట మేలు. ఏనుగు దుమ్ము నేల చల్లుకొనునని బిడ్డ అడుగుటయే ఆ దినపు పాఠము.

శిశువిద్యాలయమును ఎన్నుకొను తల్లిదండ్రులు గోడల రంగును, పుస్తకముల బరువును అడుగుటకు ముందు ఇచట నేల యున్నదా, బిడ్డ చేతికి మన్ను అంటునా యని అడుగవలెను. నగరమును నడపువారు ప్రతి అంగన్‌వాడీకి చాపెడు ముంగిలిని, ఒక చెట్టును హక్కుగా నెంచి ఇయ్యవలెను. డెట్‌ఫోర్డు సందులలో సాధ్యమైనది బహదూర్‌పురా సందులలో అసాధ్యము కాదు. పేరులో నిలిచిన తోటను బిడ్డ కాలిక్రిందికి తెచ్చుటయే మన తరమునకు మిగిలిన పని.